హమాము నీళ్ళ చెలిమి

కెర్మాన్ బజారులో యాభై దాటినవాళ్ళల్లో మష్దీ కానివాడు తానొక్కడేనని కుద్రత్ లెక్క. మష్హద్ పోయి ఇమాం సమాధి జాలీ పట్టుకుని వచ్చిన ప్రతివాడికీ పేరు ముందు ఆ మాట అతుక్కుంటుంది. చచ్చేదాకా ఊడదు. మసాలాలమ్మే సఫర్ మష్దీ సఫర్. రాగిబిందెలు కొట్టీ కొట్టీ చెవుడొచ్చినాయన మష్దీ. ఆఖరికి బజారు గుమ్మంలో బరువు తూచే మిషను పెట్టుకుని కూచునే గుడ్డాయన కూడా మష్దీయే. కుద్రత్ పెళ్ళాం తూబా, పెళ్ళికి ముందే వాళ్ళమ్మతో పోయొచ్చి, మష్దీ అయి మరీ కాపురానికొచ్చింది. బజారు గుమ్మం పక్కన తోపుడుబండి మీద మేజోళ్ళూ లుంగీలూ అమ్ముకునే కుద్రత్ మాత్రం యాభై నాలుగేళ్ళొచ్చినా ఉత్త కుద్రతే.

పోకూడదనుకుని కాదు. మొదటిసారి బయల్దేరితే రావర్ దాటిన ఎడారిలో బస్సు ఇంజను కాలిపోయింది. అందరూ ఇంకో బస్సెక్కి పోయారు. కుద్రత్‌కి మాత్రం ఆ ఎండకి వాంతులు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. రెండోసారి బస్సెక్కే రోజు పొద్దున్నే మూత్రంలో రాయి అడ్డంపడి ఆసుపత్రి పాలయ్యాడు. "ఇమాం పిలవందే ఎవరూ పోలేరు" అని ఊళ్ళోవాళ్ళు ఓదార్చారు. తూబా ఓదార్చలేదు. "నీకు ఎవరిదో ఉసురు తగిలింది. ఎవరిదో నీకే తెలియాలి" అంది, రొట్టెల పిండి పిసుకుతూ.

ఎవరిదో కుద్రత్‌కి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు.

ఈసారి మూడోది. గురువారం. సాయంత్రం నమాజు అవగానే మసీదు గుమ్మం ముందునుంచి హాజీ ఖన్‌బర్ బస్సు కదులుతుంది. కుద్రత్‌ది పదిహేడో నంబరు సీటు. యాత్రకి బయల్దేరేవాడు ముందు నలుగురి దగ్గరికీ వెళ్ళి "హలాల్ చెయ్యి" అని అడగాలి. తెలిసో తెలియకో చేసిన తప్పేదైనా ఉంటే మాఫీ చెయ్యమని. ఒక్కడి ఉసురు మెడకి వేలాడుతున్నా అడుగు ముందుకి పడదంటారు. అందుకని పొద్దుటినుంచీ కుద్రత్ కాలుగాలిన పిల్లిలా బజారంతా తిరుగుతున్నాడు.

"ఏరా, మూడోసారా?" అన్నాడు మష్దీ సఫర్, జీలకర్ర తూస్తూ. "బస్సు టైర్లకి చెప్పావా, నువ్వెక్కుతున్నావని?"

"హలాల్ చెయ్యి మష్దీ."

"చేశాన్లే పో. తల్లిపాలకన్నా హలాల్. అయినా నువ్వు నాకు చేసిన పాపమేముంది, రెండు వారాలకే చిరిగే మేజోళ్ళమ్మడం తప్ప?"

తక్కెడ మీదనుంచి కన్నెత్తలేదు. రాగిపనాయనకి వినపడనే లేదు, అయినా తల ఊపి మాఫీ చేసేశాడు. ఖర్జూరం బిస్కట్లమ్మే కొట్లో ముగ్గురన్నదమ్ములూ ఒకేసారి "హలాల్, హలాల్" అని కోరస్ పాడి, ఒక బిస్కట్టు చేతిలో పెట్టి పంపారు. ఒక్కడూ ఎందుకని అడగలేదు. కుద్రత్‌కి ఆ ఊళ్ళో పాత సామెత గుర్తొచ్చింది: హమాము నీళ్ళతో చెలిమి. హమాములో, ఊరందరూ స్నానానికొచ్చే చోట, తెలిసినవాడు కనపడితే తొట్టిలోంచి గిన్నెడు వేణ్ణీళ్ళు ముంచి వాడి భుజం మీద పోస్తారు. నీళ్ళు హమామువాడివి, కట్టెలు హమామువాడివి, మర్యాద మాత్రం నీది. ఇవాళ తనకి దొరుకుతున్న మాఫీలన్నీ ఆ బాపతే.

ఊరికే రాని మాఫీ ఒక్కటే ఉంది, అది డబ్బు పెట్టినా రాదు. అది ఎస్కందర్ దగ్గరుంది.

చౌరస్తా పక్కనున్న పాత హమాములో ఎస్కందర్ కాపలాదారు. ఇప్పుడది హమాము కాదు, మ్యూజియం. కుద్రత్ పొద్దుటినుంచి అక్కడికి రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి "టీకి పోయాడు" అన్నారు. రెండోసారి "మసీదుకి పోయాడు" అన్నారు. లేడని తెలియగానే గుండె తేలికయ్యేది. నాలుగడుగులు వెయ్యగానే ఆ తేలికే మళ్ళీ బరువయ్యేది. మధ్యాహ్నం కుద్రతే మసీదుకి పోయాడు. చెప్పులు విడిచి లోపలికి తొంగిచూస్తే, నీలం పలకల కింద మూడో వరసలో ఎస్కందర్ వంగిన వీపు కనపడింది. ఎన్ని వీపులున్నా ఆ వీపుని కుద్రత్ గుర్తుపడతాడు. వీపులు చూసే బతికినవాడు. నమాజు పూర్తయ్యేదాకా స్తంభం వెనక నిలబడ్డాడు. ఎస్కందర్ లేచి అవతలి గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. పిలవచ్చు. "అన్నా" అంటే వినపడే దూరమే. పిలవలేదు.

మూడోసారి హమాము గుమ్మంలో టిక్కెట్లిచ్చే ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది.

"టిక్కెట్టు."

"అమ్మా, నేనిక్కడ ఇరవై ఏళ్ళు పనిచేశాను."

"అయితే మరీ మంచిది, వివరాలు చెప్పేవాడు అక్కర్లేదు. టిక్కెట్టు."

కొన్నాడు. మూడో తరగతిలో బడి మాన్పించి, పదకొండో ఏట ఒళ్ళు రుద్దే గరుకు సంచి చేతికి తొడిగి, వాళ్ళ నాన్న తనని తోసిన గుమ్మం అదే. అప్పుడు లోపలికి పోనంటే కొట్టారు. ఇప్పుడు పోతానంటే డబ్బు తీసుకున్నారు.

బట్టలు విప్పే హాల్లో యజ్ద్ నుంచి వచ్చిన జనం ఫోన్లు పట్టుకుని మైనపు బొమ్మల్ని ఫోటోలు తీస్తున్నారు. గల్లాపెట్టె ముందు మైనపు యజమాని, కత్తి పట్టుకుని మైనపు మంగలి. లుంగీలు ఎడంవైపు దోపారు. బతికున్న ఏ మగాడూ అలా కట్టడు. కుద్రత్‌కి చెయ్యి దురద పెట్టింది. సర్దబోయి, ఎవరో కసురుకుంటే మానేసి, వేడిగది వైపు నడిచాడు.

ఇప్పుడక్కడ వేడి లేదు. పైకప్పు గాజు కన్నుల్లోంచి వెలుతురు పడుతోంది. రాతి అరుగు మీద ఒక మైనపు ఆసామి బోర్లా పడుకున్నాడు, పక్కన మైనపు రుద్దేవాడు చెయ్యెత్తి ఉన్నాడు. వాళ్ళ మధ్య ఎస్కందర్, చేతికి పాత గరుకు సంచి తొడుక్కుని, మైనపు వీపు మీద దుమ్ము తుడుస్తున్నాడు. అరవై రెండేళ్ళు. చెయ్యి మాత్రం అదే చెయ్యి. మెడ దగ్గర మొదలెట్టి నడుం దాకా, ఎక్కడా ఆగకుండా.

ఒకప్పుడు ఆ చేతి కోసం జనం లుంగీల్లో వణుకుతూ బారులు తీరేవాళ్ళు. పక్కనే ఖాళీగా కుద్రత్ ఉన్నా, "పర్లేదులే, ఎస్కందర్ అయ్యాకే" అనేవాళ్ళు. నొప్పెట్టకుండా మట్టి వత్తులు వత్తులుగా తీసేవాడు. కుద్రత్ రుద్దితే ఒళ్ళు మండేది. ఒకరోజు బట్టల హాల్లో టీ తాగుతూ, పాతగుడ్డలు అమ్మే ఒక వాగుడుకాయతో కుద్రత్ ఒక్క మాట అన్నాడు: "ఎస్కందర్ చంకలో తెల్లమచ్చ లేచింది, బొల్లో మరేదో, దేవుడికెరుక." ఒక్కసారే అన్నాడు. పది రోజుల్లో ఎస్కందర్ ముందు అరుగు ఎండిపోయింది. అతను హాలు మధ్య నిలబడి చెయ్యెత్తి చూపించాడు కూడా. జనం నేల చూపులు చూశారు. చూపించాల్సొచ్చిందంటేనే ఏదో ఉందన్నారు. ఖాయమైన పెళ్ళిసంబంధం వాళ్ళు ఉంగరం తిప్పి పంపారు. చివరికి యజమాని జాలిపడి అతన్ని కింద పొయ్యికొట్లోకి పంపాడు, కట్టెలు వెయ్యడానికి. హమాము మూతపడేదాకా ఎనిమిదేళ్ళు కుద్రత్ రుద్దిన ప్రతి వీపుకీ నీళ్ళు కాచింది ఎస్కందరే.

"ఏం కుద్రతూ, టిక్కెట్టు కొన్నావా?" అన్నాడు ఎస్కందర్ తలెత్తకుండానే. "డబ్బు దండగ. నన్ను చూడాలంటే బయట అరిస్తే వచ్చేవాణ్ణిగా."

"మష్హద్ పోతున్నానన్నా. హలాల్ చేస్తావేమోనని."

"పోయిరా, శుభం. హలాల్. పూర్తిగా హలాల్."

అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు మోసిన బండ, గిన్నెడు నీళ్ళలా భుజం మీదనుంచి జారిపోయింది. కుద్రత్ గబగబా వెనక్కి తిరిగాడు, ఇచ్చినవాడు మనసు మార్చుకుంటాడేమో అన్నట్టు.

"ఆగు," అన్నాడు ఎస్కందర్. "అక్కడ నాకో పని చేసిపెట్టు."

"చెప్పన్నా."

"మంగలి బెమానలీ ఉండేవాడు కదా. ఆయన్ని నేను మాఫీ చెయ్యలేకపోతున్నా. పోయి ఆరేళ్ళయినా చెయ్యలేకపోతున్నా. జాలీ పట్టుకున్నప్పుడు ఇమాంకి చెప్పు, ఈ ముల్లు కాస్త తియ్యమని."

"బెమానలీ ఏం చేశాడు?" అన్నాడు కుద్రత్.

"తెలియనట్టు అడుగుతావేంరా? మచ్చ మాట పుట్టించింది ఎవడనుకున్నావ్? నా చంక చూసిందెవడు? కత్తితో చంకలు గీసేవాడొక్కడే. ఇంకెవడు చెబితే జనం నమ్ముతారు?" గరుకు సంచి దులిపాడు. "ఆయన పోయినప్పుడు, శవానికి చుట్టే కఫన్ గుడ్డ నా ముందు పరిచారు. 'ఈయన గురించి మంచి తప్ప మరేం ఎరగం' అని నలభై మంది సంతకం పెట్టాలి కదా. ముప్పై తొమ్మిది అయ్యాయి. వాళ్ళావిడ కలం నా చేతికే ఇచ్చింది. మూత పెట్టి తిరిగిచ్చేశా. ఆవిడ మొహం ఇప్పటికీ కళ్ళల్లో ఆడుతుంది."

కుద్రత్ ఏదో గొణిగి బయటపడ్డాడు.

హలాల్ దొరికింది కదా. మరి కాళ్ళు ఎందుకు నిలవడం లేదు? బజారు ఈ చివరనుంచి ఆ చివరకి నడిచాడు. రాగికొట్ల దగ్గర సుత్తి దెబ్బలన్నీ తన పేరే పలుకుతున్నట్టుంది. ఎస్కందర్ మాఫీ చేసింది ఎవర్ని? ఏ పాపమూ చెయ్యని కుద్రత్‌ని. అలాంటివాడు ఈ ఊళ్ళో లేడు. పాపం చేసినవాడికి మాఫీ రాలేదు. రానిది జేబులో వేసుకుని బస్సెక్కడం ఏంటి? పైగా చచ్చినవాడి మీద చాడీ మోసుకుని, నేరుగా ఇమాం దగ్గరికి.

బస్సు దగ్గర తూబా పళ్ళెంలో ఖురానూ, అద్దం, గిన్నెడు నీళ్ళూ పెట్టుకుని నిలబడి ఉంది. యాత్రికుడు ఖురాను కింద నుంచి దూరి ఎక్కాలి. బస్సు కదలగానే వెనక నీళ్ళు చల్లాలి, క్షేమంగా తిరిగి రావాలని.

"ఎక్కడ చచ్చావయ్యా పొద్దుటినుంచీ?" అంది. "మూటలు నేనే ఎక్కించా. పోయి కూచో, నీ సీట్లో ఇంకెవడన్నా కూచుంటాడు."

ఎక్కి పదిహేడులో కూచున్నాడు. లేచాడు. పైన సంచి సర్దాడు. కూచున్నాడు. కిటికీ తెరిచాడు, మూశాడు. పక్క సీటులో ముసలి తివాచీలాయన, "అయ్యా, పేలు పట్టాయా ఏంటి? మష్హద్ దాకా ఇలాగే గెంతుతావా?" అన్నాడు. కుద్రత్ లేచి ఆయన మోకాళ్ళు దాటుకుని దిగిపోయాడు.

"ఎక్కడికి?" అంది తూబా.

"వస్తా."

హమాములో జనం పోయారు. టిక్కెట్లావిడ గల్లా తాళం వేస్తోంది, ఈసారి ఆపలేదు. ఎస్కందర్ వేడిగదిలో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు.

"ఇందాక నువ్విచ్చింది వెనక్కి తీసుకో అన్నా."

"ఇదేం బేరంరా? చిరిగిన మేజోళ్ళు కూడా నువ్వు వెనక్కి తీసుకోవు కదా."

"ఆ మాట బెమానలీ అనలేదు. నేనన్నా."

ఎస్కందర్ చెయ్యి దీపం మీట మీదే ఉండిపోయింది.

"నువ్వా? నా చంక నువ్వెప్పుడు చూశావ్?"

"చూళ్ళేదు. లేని మచ్చ పుట్టించా. చంక అయితే ఎవడూ చూసి ఉండడు, కాదనలేడు అనుకున్నా. బెమానలీ సంగతి తట్టలేదు."

ఎస్కందర్ వచ్చి, బోర్లా పడుకున్న మైనపు ఆసామి కాళ్ళ దగ్గర అరుగు మీద కూచున్నాడు.

"ఎందుకు?"

"నీ ముందు జనం కూచునేవాళ్ళు. నా ముందు నేల తడిగా ఉండేది, అంతే."

కొడతాడనుకున్నాడు కుద్రత్. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఎస్కందర్ తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"నా పొట్ట కొట్టావు, అది సరే," అన్నాడు చివరికి. "పెళ్ళి చెడగొట్టావు. అదీ అయిపోయింది, ఇప్పుడు నాకు పిల్లనెవడిస్తాడు. కానీ బెమానలీ రా! హమామంతా నన్ను వదిలేశాక పొయ్యికొట్లోకి దిగొచ్చి గడ్డం గీసిన వాడు ఆయనొక్కడే. పాపభయంతో వస్తున్నాడనుకున్నా. మొహం తిప్పుకునేవాణ్ణి. అయినా వచ్చేవాడు. ఆ మనిషి కఫన్ మీద పేరు రాయకుండా వచ్చానురా నేను. నువ్వు నన్ను కూడా పాపిని చేశావు. నీ సంగతి మాఫీ చెయ్యడానికి నేనున్నాను. నా సంగతి ఎవడు చేస్తాడు?"

మసీదులోంచి సాయంత్రం నమాజుకి బాంగు మొదలైంది.

"నీ సీటెంత?" అన్నాడు ఎస్కందర్.

"పదిహేడు."

"నాకియ్యి."

"అన్నా..."

"నేనూ పోలేదు మష్హద్. తెలుసా నీకు? ఇరవై ఏళ్ళ కింద ఒకసారి ఎక్కా. పక్కవాడు లేచి వెనక సీటుకి పోయాడు. వాడి పక్కవాడు గొణిగాడు. దిగొచ్చేశా. ఇప్పుడు పోతా. చచ్చినవాణ్ణి నేను అడగలేను, ఆయన తరఫున వినేవాడి దగ్గరికి పోయి అడుగుతా."

ఇన్నాళ్ళూ వేసుకున్న లెక్క తప్పని కుద్రత్‌కి అప్పుడే తెలిసింది. మష్దీ కానివాళ్ళు బజారులో ఇద్దరు. పొయ్యికొట్లో ఉన్నవాణ్ణి ఎవరూ లెక్కలో వేసుకోలేదు, కుద్రత్‌తో సహా.

"మరి నా సంగతి?" అన్నాడు, అడక్కూడదని తెలిసీ.

"నీ పనంతా ఊళ్ళోనే ఉంది. మష్హద్‌లో నీకేం పని?" గరుకు సంచి తీసి కుద్రత్ చేతిలో పెట్టాడు. "రేపు శుక్రవారం, జనం ఎక్కువ. పొద్దున్నే దుమ్ము తుడువు. మైనపు రుద్దేవాడి కుడిచెయ్యి వదులుగా ఉంది, గట్టిగా పట్టుకోకు, ఊడుతుంది. టిక్కెట్లావిడకి నేను చెప్తాలే."

"నన్ను హలాల్ చేస్తావా?"

"తెలీదు. అక్కడ నిలబడి చూస్తా, ఆ మాట నోటికొస్తుందేమో. వస్తే వచ్చి చెప్తా. రాకపోతే అదీ వచ్చి చెప్తా."

నమాజు అయ్యాక హాజీ ఖన్‌బర్ చిట్టాలో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశాడు, గొణుగుతూనే. ఎస్కందర్ చేతిసంచి ఒక్కటి పట్టుకుని ఎక్కాడు. పదిహేడులో కూచోగానే పక్కనున్న తివాచీలాయన మొహం మారింది. ఆయనకి పాత సంగతులు గుర్తున్నాయి. మూట దగ్గరికి లాక్కుని, "హాజీ, ముందర ఎక్కడన్నా ఖాళీ ఉందా?" అన్నాడు.

కుద్రత్ బస్సు మెట్టు మీద నుంచి పైకెక్కాడు. అందరూ చూస్తున్నారు.

"అయ్యా, కూచోండి," అన్నాడు. "ఆయన ఒంటి మీద ఏ మచ్చా లేదు. ఎన్నడూ లేదు. ఆ మాట పుట్టించింది నేను. కడుపుమంటతో పుట్టించా."

ముందు సీట్లో కుర్రవాళ్ళకి అదేంటో అర్థంకాలేదు. ముసలివాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూశారు. ప్రయాణం వేళ ఇదేం గొడవని హాజీ ఖన్‌బర్ చేతులెత్తి, "ప్రవక్త పేరున సలవాత్ చదవండి, గట్టిగా!" అని కేకేశాడు. బస్సంతా ఒక్కసారి అందుకుంది. ఆ హోరులో కుద్రత్ చెప్పింది చెప్పినట్టే మునిగిపోయింది. ఈ ఊరికి అది బాగా అలవాటు. పొడుచుకొచ్చేదేదైనా ఉంటే దాని మీద ఇంత పుణ్యం కప్పేస్తారు. తివాచీలాయన మాత్రం కదల్లేదు. మూట మళ్ళీ కాళ్ళ కింద పెట్టుకున్నాడు, ఎస్కందర్ వైపు చూడకుండానే.

బస్సు కదిలింది.

"నువ్వు దిగావేంటి?" అంది తూబా. "ఆయనెక్కాడేంటి? ఏమయ్యా, నీకేమన్నా మతిపోయిందా?"

కుద్రత్ ఆమె చేతిలో గిన్నె తీసుకుని బస్సు వెనక నీళ్ళు విసిరాడు. సగం తూబా చెప్పుల మీద పడ్డాయి.

"ఇంటికి పో. వచ్చి చెప్తా. నీకూ చెప్పాలి."

"నాకూ అంటే? ఇంకెవరికి చెప్పాలి?"

అతను అప్పటికే బజారు గుమ్మంలోకి నడుస్తున్నాడు. బస్సులో మాటని సలవాత్ మింగేసింది. మింగనీ. కొట్లు ఇంకా మూయలేదు. రేపు బెమానలీ పెళ్ళాం ఇంటికి పోవాలి, అది అన్నిటికన్నా కష్టం. ఇవాళ్టికి మొదటి కొట్టు నుంచి మొదలెట్టాలి. ఎటు పోవాలో ఈసారి కాళ్ళకి తెలుసు.

మష్దీ సఫర్ మసాలా బస్తాల మూతులు కడుతున్నాడు. కుద్రత్‌ని చూసి పగలబడి నవ్వాడు.

"నేను చెప్పలా? ఈసారి ఏం పేలింది? టైరా, కిడ్నీయా?"

కుద్రత్ స్టూలు లాక్కుని కూచున్నాడు. చేతిలో గరుకు సంచి ఇంకా అలాగే ఉంది.

"మష్దీ, పొద్దున నిన్ను హలాల్ చెయ్యమని అడిగా. చేశావు. దేనికని అడగలేదు నువ్వు."

"అయితే?"

"ఇప్పుడడుగు."